అమ్మ గొడ్డలికి నీళ్ళు

మా అన్న మంచివాడు. ఈ మాట ముందే రాసి పెడుతున్నాను. కాసేపయ్యాక రాయబుద్ధి కాకపోవచ్చు.

జహనుమా బస్తీలో మా పుట్టింటి వెనక బర్రెల కొట్టం ఇప్పటికీ ఉంది. అమ్మ నడిపిన పాల వ్యాపారం ఇప్పుడు అన్న నడుపుతున్నాడు. నేను మూసీ అవతల ఒక ఆఫీసులో పనిచేస్తూ, అదే గల్లీలో నాలుగిళ్ళ అవతల ఉంటాను. అమ్మ పోయాక ఆమె వస్తువులు పంచుకుంటున్నప్పుడు వదిన గాజులు తీసుకుంది, అన్న పాల క్యాన్లు ఉంచుకున్నాడు. నేను చిన్న గొడ్డలి అడిగాను. అందరూ నవ్వారు. ఏడ్పు మొహాలతో కూర్చున్నవాళ్ళంతా అంత బాగా నవ్వుతారని నేననుకోలేదు.

దాని తల నా అరచేయంత ఉంటుంది. అమ్మ పొట్టి మనిషి. పెద్ద గొడ్డలి ఎత్తితే అదే తనను లాక్కుపోతుందని, తన చేతికి సరిపడేట్టు చేయించుకుంది. దాంతో పొయ్యిలోకి కట్టెలు చీల్చేది. బర్రెలను కట్టే గుంజలకు మొనలు చెక్కేది. మొన తేలగానే గొడ్డలిని తిప్పి, బల్లపరుపుగా ఉండే వెనక వైపుతో ఆ గుంజను నేలలోకి దిగ్గొట్టేది. అమ్మ దిగ్గొట్టిన గుంజను ఏ బర్రే పీకలేదు.

ఆ గొడ్డలి నాకెందుకో చెప్పాలి. సెలవు రోజుల్లో కొండలు, అడవులు తిరిగే ఒక గుంపుతో నేనూ వెళ్తుంటాను. మొదటిసారి వెళ్ళినప్పుడు గుడారం మేకు కొడదామని గొడ్డలి అందుకున్నాను. గుంపుకి పెద్దగా వచ్చినాయన చిరునవ్వుతో దాన్ని నా చేతిలోంచి తీసేసుకున్నాడు. "మీకెందుకు మేడం శ్రమ? మీరు చాయ్ సంగతి చూడండి" అన్నాడు. తర్వాత ఆయన కొట్టిన మేకులన్నీ వంకర పోయాయి. బర్రెలను కట్టిన ఇంట్లో పుట్టిన మనిషిని, గుడ్డ ముక్కను కట్టే మేకు కొట్టలేనా? అయినా చాయ్ పెట్టాను. ఆ చాయ్ పెట్టినందుకు నా మీద నాకు ఇంకా కోపమే.

ఆయన చేతిలో ఉన్నదాన్ని టామహాక్ అంటారట. విదేశీ సరుకు. కర్రను పైనుంచి దూరుస్తారు, కొట్టేకొద్దీ బిగుస్తుంది, కావాలంటే తలను వేరుగా తీసి సంచిలో పెట్టుకోవచ్చు. ఇదంతా ఆయన ఒక వింతలా చెబుతుంటే నాకు నవ్వొచ్చింది. మా అమ్మ గొడ్డలి కూడా సరిగ్గా అలాగే ఉంటుంది. దాన్నే బాగు చేసుకుని, వచ్చేసారి నా నడుముకు కట్టుకుని రావాలని అక్కడే నిర్ణయించుకున్నాను.

తలను చింతపండు పులుసులో నానబెట్టి తుప్పు వదిలించాను. పాత కర్ర పుచ్చిపోయింది. తుమ్మ కర్ర తెచ్చి, నా వేళ్ళు ఎక్కడ పడతాయో పెన్సిల్‌తో గీసి, వడ్రంగి దగ్గర కూర్చుని చెక్కించాను. ఆయన ప్రతి గీతకూ "ఇంత పొట్టి కర్ర ఎవరు పడ్తరమ్మా?" అంటూనే ఉన్నాడు. నేను పడతాను. నా చెయ్యి అమ్మ చెయ్యే. చివర జారకుండా చిన్న బుడిపె పెట్టించి, అవిసె నూనె పట్టించి నీడలో ఆరబెట్టాను. అంచుకు తోలు తొడుగు కుట్టించాను. ఇంక మిగిలింది అంచు. అమ్మ కాలంలోనే అది అరిగి మొద్దుబారింది. దాన్ని కొలిమిలో కాల్చి, సన్నగా సాగ్గొట్టించాలి.

బార్కస్ వైపు వెళ్ళే దారిలో ఒక కొలిమి ఉంది. కొలిమాయన ఇంటికి ఏళ్ళ నుంచీ మా పాలే పోతాయి. నేను వెళ్ళాల్సిన రోజున ఆఫీసులో సెలవు దొరకలేదు. అన్న దాణా కోసం అటే వెళ్తున్నాడు. గొడ్డలి తలను గుడ్డలో చుట్టిచ్చి, అంచు సన్నగా కొట్టమను, వెనక వైపు మాత్రం ముట్టుకోవద్దను అని చెప్పాను. ఈ రెండు మాటలూ అన్న అక్షరాలా పాటించాడు. పాపం, అబద్ధం చెప్పకూడదు.

"మస్తుగ చేసిండే. జూడు, ఎట్ల మెరుస్తుందో" అంటూ సాయంత్రం తెచ్చిచ్చాడు. "ఆయన మధ్యల ఏందేందో అడిగిండు. నేను గట్టిగనే జెప్పి వచ్చిన" అన్నాడు. ఏమడిగాడని నేను అడగలేదు. అంచు నిజంగానే మెరుస్తోంది. కర్ర దూర్చి, చేత్తో ఊపి చూసుకుంటే అమ్మ పక్కన నిలబడ్డట్టే అనిపించింది.

ఆ వారాంతంలో గుడారం మేకులన్నీ నేనే కొట్టాను. ఒక్కటీ వంగలేదు. గుంపు పెద్దాయన చూసీ చూడనట్టు నిలబడ్డాడు. ఆ తర్వాత పొయ్యికోసం ఒక ఎండు కొమ్మ మీద వేటు వేశాను. ఇంకో వేటు వేశాను. గొడ్డలి దిగలేదు. తీసి చూస్తే అంచు కాల్చిన అప్పడంలా ముడుచుకుపోయి ఉంది. పెద్దాయన దాన్ని అందుకుని, వేలితో తడిమి, అందరికీ చూపించాడు. "షోపీస్ అండీ ఇది. గోడకు పెట్టుకోండి, బావుంటుంది" అన్నాడు. నన్ను అన్నా పడేదాన్ని. ఆయన అన్నది అమ్మ గొడ్డలిని. ఆ పూట చాయ్ మాత్రం నేను పెట్టలేదు.

తిరిగి రాగానే సంచి కూడా దించకుండా కొలిమి దగ్గరికి వెళ్ళాను. "ఏం భాయ్, గొడ్డలి చేసినవా, రేకు చేసినవా?" అని అరిచాను.

కొలిమాయన కంగారుపడలేదు. అంచు చూసి, "పానీ నై దియా అమ్మా, ఇస్ లియే" అన్నాడు. "మై పూఛా, పానీ దేనా క్యా బోల్కే. తుమారా భాయ్ మస్తు గుస్సా హోగయా. నీళ్ళు గీళ్ళు నడవయి అన్నడు. కొందరు వద్దంటరు, అంచు పెట్లి పగుల్తదని. తుమారా భాయ్ గూడ గసొంటోడే అనుకున్న."

ఎర్రగా కాల్చిన అంచును నీళ్ళలో ముంచితేనే ఇనుము గట్టిపడుతుంది. కొలిమి భాషలో దాన్ని నీళ్ళివ్వడం అంటారు. ఆయన రోజంతా, వచ్చిన ప్రతివాళ్ళనూ అడిగే ప్రశ్న అది. దాన్ని తీసుకెళ్ళి ఒక పాలవాణ్ణి అడిగాడు!

ఇంటికొచ్చి చేసిన లొల్లి గల్లీకంతా వినిపించే ఉంటుంది.

"నలుగురి ముంగట 'పానీ దేనా క్యా' అంటడా నన్ను?" అన్న కూడా తగ్గలేదు. "దినాం మన పాలే తాగుతడు వాడు. అమ్మ కాలం నుంచి సుక్క నీళ్ళు కలిపినమా మనం?"

"అన్నా, నీ చేతిల ఉన్నది పాల క్యానా? గొడ్డలి! ఇనుము సంగతి అడిగిండు ఆయన!"

"నాకేమెర్క? చేతిల ఏదుంటే ఏంది, నేను పాలోన్నే కదా."

"గంత అనుమానముంటే నాకు ఫోన్ చెయ్యొద్దా? గొడ్డలి నాది గదా?"

అన్నకు ఇంటి పరువు గుర్తొచ్చింది గానీ, గొడ్డలి ఎవరిదో గుర్తు రాలేదు. వడ్రంగికి గుర్తు లేదు, గుంపు పెద్దాయనకు లేదు, ఆఖరికి సొంత అన్నకూ లేదు. ఆడదాని చేతిలో గొడ్డలి ఉంటే అది ఎవరో మరిచిపోయి వెళ్ళిందని అనుకుంటారు కాబోలు. ఇదే మాట అన్న మొహం మీద అన్నాను. వదిన లోపలికి వెళ్ళిపోయింది.

అన్న ఖాళీ క్యాను ఒకటి బోర్లించాడు. తర్వాత, "హుస్సేనీ ఆలంల ఆ ఇంటామె యాదికున్నదా నీకు?" అన్నాడు.

ఉంది. అప్పుడు చిన్నపిల్లలం, పాలు పోయడానికి వెళ్ళిన అమ్మ వెంట ఇద్దరం ఉన్నాం. ఆ ఇంటావిడ పాలచుక్కను బొటనవేలి గోటి మీద వేసుకుని, వంచి, అది జారడం చూసి, "పానీ మిలాయే క్యా?" అంది. వాకిట్లో ఇంకా ఎవరెవరో ఉన్నారు. అమ్మ క్యాను ఎత్తి, పాలన్నీ ఆ గడప ముందున్న మోరీలో పోసి వచ్చేసింది. ఆ రోజు ఇంట్లో కట్టెలు సరిపడా ఉన్నాయి. అయినా పొద్దుగూకేదాకా ఈ గొడ్డలితో కట్టెలు కొడుతూనే ఉంది.

ఇది గుర్తుకొచ్చినా నా కోపం పోలేదు. పోవాలని రూలేమీ లేదు. "రేపు నువ్వు గూడ నా ఎంబడి వస్తున్నవ్" అన్నాను అన్నతో.

మర్నాడు ఇద్దరం వెళ్ళాం. కొలిమాయన ముడుచుకున్న అంచును కత్తిరించి, మళ్ళీ కాల్చి, మళ్ళీ సాగ్గొట్టాడు. కొడవళ్ళు తెచ్చుకున్న ఇద్దరు పక్కన నిలబడి చూస్తున్నారు. అంచు చివరిసారి ఎర్రగా కాలింది. ఆయన పట్టకారుతో గొడ్డలి తల పైకి తీసి, ఎదురుగా ఉన్న నన్ను వదిలేసి, నా వెనకున్న అన్నను అడిగాడు.

"పానీ దేనా క్యా, భాయ్?"

నాకు ఒళ్ళు మండిపోయింది. నోరు తెరవబోయాను. ఈలోగా అన్నే అన్నాడు.

"నన్నెందుకడుగుతవ్? గొడ్డలి మా చెల్లెది. ఆమెనడుగు."

కొలిమాయన నా వైపు తిరిగాడు. "పానీ దేనా క్యా, అమ్మా?"

దేదో, ఇచ్చెయ్ అంటే సరిపోతుంది. ఒక్క మాట. నాకు రాలేదు. కొడవళ్ళవాళ్ళు ఇద్దరూ నా మొహమే చూస్తున్నారు. ఆ ఇంటావిడ బొటనవేలు, దాని మీద జారుతున్న చుక్క నా కళ్ళ ముందుకొచ్చాయి. ఇనుము మీద ఎరుపు తగ్గిపోతోంది. నిన్న అన్న మీద అంత ఎగిరిన నోరు ఇదేనా అనిపించింది. "దేదో" అన్నాను. అది నాకే వినపడలేదు.

"క్యా?"

"పానీ దేదో!" అని అరిచాను.

చుయ్యిమని ఆవిరి లేచింది. పక్కకు చూస్తే, ఎవరూ ఏమీ అడగకపోయినా, అన్న ఆ కొడవళ్ళవాళ్ళిద్దరికీ చెబుతున్నాడు.

"గొడ్డలికి భాయ్. గొడ్డలికే."