మూడో కాన్పు

పోయిన నెల మా చిన్నాయన, అంటే మా బాపు ఆఖరి తమ్ముడు, మిఠాయి డబ్బా పట్టుకొని ఇంటికొచ్చాడు. ఇద్దరికంటే ఎక్కువమంది పిల్లలున్నవాళ్లు సర్పంచ్‌గా పోటీ చేయకూడదన్న నిబంధనను ప్రభుత్వం ఎత్తేసిందట. ఆ సాయంత్రమే టీవీలో ఒక పెద్దమనిషి, మన దగ్గర పిల్లలు తగ్గిపోతున్నారు, ఇంకా కనండి అని హితబోధ చేస్తున్నాడు. మొన్నటిదాకా వద్దన్న నోళ్లే ఇవి. లడ్డూ నోట్లో పెట్టుకున్నాను గాని మింగుడు పడలేదు. ఆయన భార్య, మా చిన్నమ్మ గుర్తొచ్చింది.

మా అవ్వకు తొమ్మిది కాన్పులు. అందులో ఒకటి కందిచేలో అయిందని, బొడ్డు కోసిన కొడవలితోనే మర్నాడు గడ్డి కోశానని గొప్పగా చెప్పుకునేది. ఎంత నిజమో తెలియదు. చిన్నాయన ఆమె చివరి సంతానం, నాకంటే నాలుగేళ్లే పెద్ద. రామన్నపేట దగ్గరి మా ఊళ్లో ఆ రోజుల్లో పిల్లలను ఎవరూ లెక్కపెట్టేవాళ్లు కాదు, కంచాలు పెట్టేటప్పుడు తప్ప. మా తరానికి వచ్చేసరికి ఇద్దరు చాలన్నారు. నేను ఒక్కదానితోనే ఆపేశాను. చిన్నాయనకు ఒక కూతురు, ఒక కొడుకు. సర్పంచ్ కావాలన్న పిచ్చి ఆయనకు మీసం మొలిచినప్పటి నుంచే ఉంది. పెళ్లిళ్లలో ఎవరూ అడగకపోయినా మైకు అందుకునేవాడు, చావుల్లో అందరికంటే ముందు నడిచేవాడు. తెలంగాణ వచ్చాక ఇక తన కాలం వచ్చిందని తెల్లచొక్కాలు కుట్టించుకున్నాడు. పంచాయతీ ఎన్నికలు దగ్గర పడుతుండగా చిన్నమ్మకు మూడోసారి నెల తప్పింది.

తెలిసేసరికి నెలలు మీరాయి, తీసేయడం కుదరదని దవాఖానలో చెప్పారు. చిన్నాయన కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాడు. "ముగ్గురుంటే నామినేషనే తీస్కోరు" అని అరిచాడు. అవ్వ మంచంలో నుంచే అంది: "నేను ఇద్దరితోనే ఆపితే నువ్వు ఏడికెల్లి వస్తుంటివిరా." నవ్వింది నేనొక్కదాన్నే.

ఉపాయం ఆయనే కనిపెట్టాడు. మహబూబ్‌నగర్‌లో ఉన్న మా మేనత్తకు పెళ్లై ఏళ్లు గడిచినా పిల్లలు లేరు. చిన్నమ్మను అక్కడికి తీసుకుపోయి, దవాఖానలో మేనత్త పేరు చెప్పి కాన్పు చేయించారు. ఆడపిల్ల పుట్టింది. మేనత్త తల్లి అయింది. మా ఊళ్లో మాత్రం బిడ్డ దక్కలేదని చెప్పారు. నిండు ఎండాకాలంలో చిన్నమ్మ ఒట్టి చేతులతో బస్సు దిగింది. రొమ్ములు గడ్డకట్టి జ్వరం కాసింది. పాలు ఇంకిపోవాలని మా అమ్మ మల్లెపూలు రొమ్ములకు వేసి కట్టింది. గది నిండా మల్లెల వాసన. బయట అరుగు మీద చిన్నాయన పరామర్శకు వచ్చినవాళ్లకు చాయ్ పోయిస్తూ, ఏ వాడకట్టులో ఎన్ని ఓట్లున్నాయో మాట్లాడుతున్నాడు. ఆ మనిషిని నేను ఇప్పటికీ క్షమించలేదు. చిన్నమ్మ మళ్లీ తలలో మల్లెలు పెట్టుకోలేదు.

తీరా చూస్తే మా ఊరు ఆడవాళ్లకు రిజర్వు అయింది. చిన్నాయన పూటంతా అన్నం ముట్టలేదు, తర్వాత చిన్నమ్మను నిలబెట్టాడు. నామినేషన్లు పరిశీలించే రోజు అవతలి పక్షం మనిషి లేచి, "ఈమెకు మూడో కాన్పయింది సార్" అన్నాడు. అధికారి తలెత్తి, పిల్లలెంతమందమ్మా అని అడిగాడు. చిన్నమ్మ కొంగు సర్దుకుంది.

"ఇద్దరే సార్."

ఆ గొంతులో తడి లేదు. బయటికొచ్చాక చిన్నాయన "మస్తు జెప్పినవ్" అని మెచ్చుకున్నాడు. గెలిచింది ఆమె, కుర్చీలో కూర్చున్నది ఆయన.

సెలవుల్లో మేనత్త ఆ పిల్లను మా ఊరికి తెచ్చేది. పిల్ల కన్నతండ్రిని మామ అనేది, కన్నతల్లిని అత్త అనేది. వరస ప్రకారం సొంత అన్న బావ అయ్యాడు గనుక వాడకట్టు ఆడవాళ్లు, "మీ బావొచ్చిండు, నీళ్లియ్యవా పిల్లా" అని ఆటపట్టించేవాళ్లు. అది సిగ్గుపడి తలుపు చాటుకు పోయేది. అందరూ నవ్వేవాళ్లు. చిన్నమ్మ చాటలో బియ్యం ఏరుతూ తలెత్తేది కాదు.

మిఠాయి తెచ్చిన వారానికే చిన్నాయన మమ్మల్ని మహబూబ్‌నగర్‌కు బయలుదేరదీశాడు. "ఇగ అడ్డమేమున్నది? మన బిడ్డను మనం దెచ్చుకుందాం" అన్నాడు, ఎవరికో వాడుకోమని ఇచ్చిన సైకిల్‌ను తెచ్చుకుంటున్నట్టు. చిన్నమ్మ కొత్త చీర కట్టుకుంది, సంచిలో పిల్లకని గౌను పెట్టుకుంది. ఆమె ముఖంలో అంత ఆశ నేను ఎప్పుడూ చూడలేదు.

మేనత్త గడపలో కూర్చుని పిల్లకు జడ వేస్తోంది. చిన్నాయన నిలబడే చెప్పేశాడు. "నేను నీకు మామను గాదు బిడ్డా, బాపును. గీమెనే నిన్ను కన్నది." మేనత్త చేతిలోని దువ్వెన జారిపోయింది. జడ పాయలను మాత్రం గట్టిగా పట్టుకుంది. పిల్ల ఏడుపు ఆపుకుంటూ చిన్నమ్మ వైపు తిరిగింది.

"నిజమేనా అత్తా?"

చిన్నమ్మ మేనత్త చేతులకేసి చూసింది. తర్వాత పిల్ల ముఖంలోకి చూసింది. ఆ ముఖం భయంతో పాలిపోయి ఉంది.

"కాదు బిడ్డా. మీ మామ పరాచికమాడుతుండు. నాకు ఇద్దరే."

అదే గొంతు. చిన్నాయన చెప్పులు వేసుకుని వాకిట్లోకి నడిచాడు. పిల్ల హమ్మయ్య అన్నట్టు నవ్వి, జడ కోసం తల వెనక్కి వాల్చింది. ఆ నవ్వు చూసి చిన్నమ్మ గోడకు ఆనుకుంది. గౌను, అత్త పెట్టిన బట్టగా ఆ ఇంట్లోనే ఉండిపోయింది.

కాలం మారిందంటాడు చిన్నాయన. మారిన మాట నిజమే, వద్దన్న బిడ్డనే ఇప్పుడు కావాలంటోంది. అయితే అది వచ్చి అడిగేసరికి ఆ బిడ్డ మరొకరి ఒళ్లో ఏడేళ్లు పెరిగిపోయింది.