గుండెల మీద డ్యూటీ

మా మనవరాలు తొందరపడి పుట్టింది. కోడలిని పురిటికి పుట్టింటికి పంపాలని టికెట్ల మాట అనుకుంటున్నాం, అంతలోనే ఆసుపత్రికి పరిగెత్తాల్సి వచ్చింది. పిల్ల ఎంత చిన్నదంటే మా ఆయన అరచేయీ ముంజేయీ కలిపితే ఒళ్లంతా అందులోనే సరిపోయింది. కొన్నాళ్లు అద్దాల పెట్టెలో ఉంచి, పాలు చీకడం వచ్చాక ఇంటికి పంపారు. పంపేటప్పుడు నర్సు ఒక మాట గట్టిగా చెప్పింది. పిల్ల బరువు పెరగాలి, పెరగకపోతే మళ్లీ ఆ పెట్టెలోకే. ఆ మాటకు కోడలి ముఖం పాలిపోయింది. పెట్టె బయట నిలబడి, పిల్లను ఒళ్లోకి తీసుకోలేక ఆమె ఏడ్చిన ఏడుపు నేను చూసినదాన్ని.

నిమ్‌పురాలో మా రైల్వే కాలనీ వరుస ఇళ్లకు ఆరోగ్య కేంద్రం తరఫున ఒక బెంగాలీ దీదీ వస్తుంది. వాళ్ల భాషలో నన్ను మాసీమా అనీ, మా ఆయనను మేసోమశాయ్ అనీ, అంటే పిన్నీ, బాబాయ్ అని పిలుస్తుంది. తక్కువ బరువు పిల్లలున్న ఇంటికి మరీ ఎక్కువసార్లు రావాలి. భుజాన సంచి, సంచిలో పిల్లలను తూచే ఉయ్యాల గుడ్డ, ముల్లు కాటా. మొదటిరోజు గుమ్మంలో అడుగు పెడుతూనే నేను రాజేసిన కుంపటినీ దాని మీద సాంబ్రాణినీ చూసి ముక్కు మూసుకుంది.

"పొగ వద్దు మాసీమా. పిల్లకు ఊపిరి ఆడదు."

"మరి సలి?" అన్నాను.

"మీ ఒంటి వేడి చాలు. టోపీ, మేజోళ్లు తొడిగి, ఒంటికి ఒళ్లు తగిలేలా గుండెల మీద కట్టుకోండి. తల్లి అలిసిపోతే తండ్రి కట్టుకోవచ్చు, తాత కట్టుకోవచ్చు. రెండు గంటలకోసారి పాలు పట్టాలి. ఇది నా సొంత మాట కాదు. ఢిల్లీలో పెద్ద డాక్టర్లు కూర్చుని దేశమంతటికీ రాసిన రూలు."

మా ఆయన రైల్వే యార్డులో పట్టాలు మళ్లించే పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. రూలు అన్న మాట చెవిన పడగానే కుర్చీలోంచి లేచి చొక్కా గుండీలు విప్పడం మొదలుపెట్టాడు.

"ఏటండీ ఇది. ఇంకా పురిటి నీళ్లు పొయ్యనేదు. మైల," అన్నాను.

"యార్డులో రూలొచ్చినాక మైలా గియిలా సూసినామేటి? నీ పాత కోక తే. కట్టు."

నూలుచీర చింపి, పిల్లను కప్పపిల్లలా ఆయన ఛాతీ మీద ఆనించి కట్టాను. మర్నాడు చూద్దును కదా, మనవరాలికి గుచ్చుకుంటుందని ఛాతీ కూడా గీయించుకొచ్చాడు. యార్డులో ఆయనతో పనిచేసిన స్నేహితుడు చూడ్డానికొచ్చి గుమ్మంలోనే నవ్వు మొదలుపెట్టాడు.

"ఏటి బావా, రిటైరైనాక మల్లీ డూటీ ఎక్కినావా?"

"ఎక్కినాను. నువ్వు బీడీ ఆర్పీసి, సేతులు కడుక్కుని రా. నేకపోతే ఆడే నిలబడు."

ఇక ఇల్లంతా రైల్వే పద్ధతిలోకి వచ్చేసింది. పొద్దుట ఆయన, సాయంత్రం వర్క్‌షాపు నుంచి వచ్చి స్నానం చేశాక మా అబ్బాయి, మిగతా వేళ నేను. తర్వాతి డ్యూటీవాళ్లు వచ్చి పిల్లను అందుకుంటే గాని ఎవరూ కుర్చీ దిగకూడదు. కోడలు పచ్చి బాలింత, కుట్లు ఇంకా మానలేదు. వెల్లుల్లి కారంతో వేడన్నం పెట్టి, చెవులకు గుడ్డ కట్టి, పడుకోమన్నాం. పిల్ల ఏడిస్తే పాలకు ఇచ్చేవాళ్లం, అవగానే మళ్లీ తెచ్చుకునేవాళ్లం.

దీదీ మళ్లీ వచ్చింది. పిల్లను గుడ్డలో వేసి కాటాకు తగిలించింది. ముల్లు పోయినసారి ఆగిన చోటే ఆగింది. గీత దాటుతుందేమోనని అందరం వంగి చూశాం. దాటలేదు. దీదీ ముఖంలో నవ్వు పోయింది.

"పాలు ఎప్పుడెప్పుడు పడుతున్నారు?"

"ఏడిసినప్పుడల్లా," అన్నాను నేను.

"నా డూటీలో ఒక్కసారీ ఏడవనేదు. అంత బాగా సూసినాను," అన్నాడు మా ఆయన గర్వంగా.

దీదీ నుదురు పట్టుకుంది. "ఇంత చిన్నపిల్లలకు ఆకలేసినా ఏడ్చే ఓపిక ఉండదు మేసోమశాయ్. లేపి మరీ పట్టాలి. మొదటిరోజే చెప్పాను కదా."

చెప్పింది. నేనూ ఆయనా విన్నాం, అబ్బాయికీ చెప్పాం. కానీ ఎవరి డ్యూటీలో వాళ్లం, పాలు ముందువాళ్లు పట్టించే ఉంటారనుకున్నాం. ఆదమరిచి నిద్రపోతున్న పిల్లను కదపడానికి ఎవరికీ మనసొప్పలేదు.

"ఇంతకీ తల్లి ఎప్పుడు కట్టుకుంటోంది?" అంది దీదీ.

మంచం మీంచి కోడలు మెల్లగా అంది. "నన్ను ఏ డూటీలోనూ వెయ్యనేదు దీదీ. తలగడ ఒట్టుకుని తొంగుంటన్నాను."

అని నవ్వబోయింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. దీదీ ఆమె పక్కన కూర్చుని పిల్లను తనే కట్టింది. "వచ్చే తూకానికి పెరగకపోతే ఆసుపత్రికి రాయక తప్పదు," అని మాకు చెప్పి వెళ్లింది.

ఆ రోజు నుంచి పిల్ల తల్లి గుండెల మీదే ఉంది. ఆమె స్నానానికీ తిండికీ లేచినప్పుడు మాత్రం మేం అందుకునేవాళ్లం. మా ఆయనకు కొత్త పని పడింది. పాల వేళ చెప్పాలి. కోడలి గదిలోకి మామగారు వెళ్లలేడు, పేరు పెట్టి పిలవనూ లేడు. అందుకని గడప అవతల గడియారం పట్టుకుని కూర్చుని, వేళ కాగానే స్టీలు గ్లాసుతో తలుపు మీద ఠంగుమని కొట్టేవాడు.

"అత్తా, మావ గంట కొట్టినారు. అరికాలు సక్కిలిగింత పెట్టు, లెగడం నేదు," అనేది కోడలు. నేను పెట్టేదాన్ని. పిల్ల మూతి ముడిచి, ఆవలించి, ఆ తర్వాత పని మొదలుపెట్టేది.

ఆ తర్వాతి తూకం రోజు మా అబ్బాయి పనికి ఆలస్యంగా వస్తానని వర్క్‌షాపుకు కబురు పెట్టి ఇంట్లోనే ఆగాడు. దీదీ కాటా ఎత్తింది. ముల్లు పాత గీత దగ్గర ఊగింది, దాటింది, ఇంకో రెండు గీతలు దాటి నిలబడింది. దీదీ నోటితో చెప్పక ముందే కోడలు చదివేసింది. ఉయ్యాల గుడ్డలోంచి పిల్లను తనే తీసుకుంది, కట్టు తనే బిగించుకుంది.

"అత్తా, బయట ఎండగా ఉందా?"

"ఉంది. ఏటి?"

"పక్కింటోళ్లు అడగతన్నారు. నా కూతుర్ని సూపించొస్తాను," అని, చెవుల గుడ్డ తీసేసి, మొదటిసారి వాకిట్లోకి నడిచింది.