కట్టంగూర్ పొట్టేలు కోసం నల్లగొండ కోర్టు దాకా

మా తమ్ముడి కొడుకు పుట్టువెంట్రుకలకు పొట్టేలు కావాల్సి వచ్చింది. మహబూబ్‌నగర్‌లో గొర్రెల వారపు అంగడి తిరిగే ఓపిక లేక ఫోన్‌లో కనిపించిన ప్రకటన పట్టుకుని బేరం చేశాను. అమ్మేవాళ్లమంటూ పంపిన వీడియోలో తలకు తువ్వాలు చుట్టిన ఒక పెద్దాయన, పక్కన నల్ల పొట్టేలు, చేతిలో ఆధార్ కార్డు. పేరు మల్లయ్య, కట్టంగూర్ మండలం. కార్డు పట్టుకుని నిలబడ్డ మనిషి మోసం చేస్తాడా అనుకుని ముందస్తు సొమ్ము, బయానా పంపాను. మర్నాటి నుంచి ఆ నంబరు మోగలేదు. బ్యాంకుకు చెప్పాను, సైబర్ హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేశాను. కోపం మాత్రం తగ్గలేదు. చిరునామా కార్డు మీదే ఉంది కదా, ముఖం మీదే నాలుగు మాటలు అడిగేసి వద్దామని బయల్దేరాను.

ఉదయం ఐదింటికి నల్లగొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆడవాళ్లకు కండక్టరు ఆధార్ చూసి ఉచిత టికెట్ కొట్టి ఇస్తాడు. జడ్చర్ల, కల్వకుర్తి, దేవరకొండ మీదుగా నాలుగున్నర గంటలు పట్టింది. కల్వకుర్తిలో ఆగినప్పుడే ఇడ్లీ తినేయండి, ఆ తర్వాత నల్లగొండ దాకా బస్సు తీరిగ్గా ఆగే చోటు లేదు. నల్లగొండలో మరో బస్సు పట్టుకుని నార్కట్‌పల్లి చేరి, అక్కడ ఆటో మాట్లాడుకున్నాను. మల్లయ్య పేరు చెప్పగానే డ్రైవరు వెనక్కి తిరిగాడు.

“పొట్టేలు బాపతేనా అమ్మా?”

“నీకెట్ల తెలుసు?”

“పోయిన నెల సూర్యాపేటోళ్లు వచ్చిన్రు. అంతకుముందు కోదాడోళ్లు. నాకైతే కిరాయి మంచిగనే గిట్టుబాటైతాంది. గని ఆయన మంచోడు, జర లొల్లి వెట్టుకోకు.”

మంచోడట! మూడు వందల కిరాయి తీసుకున్నవాడు ఆ మాత్రం చెప్పడా అనుకున్నాను.

మల్లయ్య ఇంటి ముందు కొట్టంలో నేను కొన్న పొట్టేలు నింపాదిగా తుమ్మకాయలు నములుతోంది. ఒళ్లు మండింది. “ఏం మల్లన్నా, నా పొట్టేలు పానం మంచిగుందా?” అన్నాను. ఆయనకు కోపం రాలేదు. నులక మంచం వాల్చి, “కూసో అమ్మా. నువ్వు మూడో మనిషివి” అన్నాడు. ఆయన భార్య లచ్చమ్మ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

గొర్రెల బీమా ఆఫీసు నుంచి అంటూ ఎవడో ఫోన్ చేశాడట. “చెవికున్న బిళ్ల కనవడేటట్టు పొట్టేలు పక్కన నిలవడి, కార్డు పట్టుకొని వీడియో పంపుమన్నడు. బీమాకు డాక్టర్ సారు గూడ గట్లనే ఫొటో తీస్తడు. నేనేం అనుమానిస్త? గీమెతోనే తీయించి పంపిన” అన్నాడు మల్లయ్య, భార్యను చూపిస్తూ. నా ఫోన్‌లో రికార్డయిన బేరం వినిపించాను. అందులోది పాతికేళ్లయినా నిండని గొంతు. మల్లయ్యది చుట్టలు తాగీ తాగీ గరగరలాడే గొంతు. బస్సులో కూడబెట్టుకున్న తిట్లన్నీ నోట్లోనే ఉండిపోయాయి.

“నాయి పైసలు పోలే అమ్మా, పేరు వోయింది. రెండు అంగళ్ల సంది నా తువ్వాల కింద ఎవ్వడు చెయ్యి వెడ్తలేడు” అన్నాడు. అక్కడి అంగట్లో బేరం నోటితో జరగదు. తువ్వాలు కప్పి, దాని కింద వేళ్లు నొక్కి ధర తేల్చుకుంటారు. చెయ్యి పెట్టలేదంటే ఆ మనిషిని నమ్మడం మానేశారని అర్థం.

అప్పుడు లచ్చమ్మ అసలు సంగతి బయటపెట్టింది. “నల్లగొండ వినియోగదారుల కమిషన్ నుంచట, పోస్టాయన కవరు తెచ్చిండు. ఈయన తీసుకోలే.”

“తీసుకుంటె ఒప్పుకున్నట్టే గద?” అన్నాడు మల్లయ్య.

నోటీసు వద్దన్నా అందినట్టే లెక్కగడతారు. హాజరు కాకపోతే ఆయన మాట వినకుండానే తీర్పు వస్తుంది, ఎవడో తిన్న సొమ్ము ఈయన కట్టాల్సి వస్తుంది. ఫోన్‌లో కమిషన్ వెబ్‌సైట్ తెరిచి ఆయన పేరు కొట్టి చూశాను. కేసు వేసింది సూర్యాపేట ఆయన, వాయిదా మర్నాడే. మల్లయ్యను పొద్దున్నే కోర్టు దగ్గరికి రమ్మని చెప్పి, తిరుగు ప్రయాణం మానుకుని నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఏడు వందలకు గది తీసుకున్నాను.

పొద్దున్నే మల్లయ్య ఉతికిన ధోవతి కట్టుకుని వచ్చాడు. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. ఆదాయం తక్కువున్నవాళ్లకు, ఆడవాళ్లకు అక్కడ ఉచితంగా లాయర్‌ను పెడతారు. మాకు కుదిరిన లాయరమ్మ ఓపిగ్గా చెప్పింది. “ముందుగాల నువ్వు అమ్మలేదని కమిషన్‌ల జవాబు వేద్దాం. నీ పేరు వాడుకున్నోని మీద నష్టపరిహారానికి హైదరాబాద్‌ల ఐటీ శాఖ కార్యదర్శి ముందట అర్జీ వెట్టొచ్చు, గిసొంటి సైబర్ మోసాల అర్జీలు ఆయనే వింటడు. ఆ వీడియో తీసేయించనీకి సివిల్ కోర్టుల ఇంజంక్షన్, అంటె ఆపుమనే ఆర్డర్ అడగొచ్చు. దొంగ దొరకాలంటె పోలీసు ఫిర్యాదు ఎట్లయినా ఉండాలె.”

“గివన్ని అయ్యేటాళ్లకు ఎన్ని వానలు వడాల్నో” అన్నాడు మల్లయ్య.

“జవాబుకు గడువు మాత్రం ఇయ్యాలనే అడుగుదాం, లే” అంది ఆమె. కమిషన్ గడువు ఇచ్చింది. అమ్మింది ఈయన కాదని, నేనూ మోసపోయినదాన్నేనని నోటరీ ముందు ప్రమాణపత్రం రాసిచ్చాను. బయటికొచ్చాక మల్లయ్య తువ్వాలు దులిపి తలకు చుట్టుకున్నాడు. “కోర్టుల చెప్పినవు. జర అంగట్ల గూడ చెప్తవా అమ్మా?” అన్నాడు.

మరుసటి వారం మళ్లీ నల్లగొండ బస్సెక్కి, మల్లయ్య బేరాలు చేసే చిట్యాల అంగడికి వెళ్లాను. బేరగాళ్లను పిలిచి జరిగిందంతా చెప్పాను. ఒకాయన నమ్మలేదు. “నువ్వెవరో మాకేం ఎరుక?” అన్నాడు. నా చెయ్యి అలవాటుగా సంచిలోని ఆధార్ మీదికి పోయింది. “కార్డు తియ్యకమ్మా” అన్నాడు మల్లయ్య. ఆ బేరగాడి మాటకు నాకు చిర్రెత్తుకొచ్చింది. మల్లయ్య అమ్మకానికి తెచ్చిన నల్ల పొట్టేలు దగ్గరికి పోయి ఆయన తువ్వాల కింద చెయ్యి పెట్టాను. ఆ వేళ్ల లెక్క నాకు రాదు, ఆయన ఏం నొక్కాడో తెలియక ఊరికే తలూపాను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నమ్మనన్న ఆయన ఒక నిమిషం చూసి, “జరుగమ్మా, ఇగ నేను” అని తువ్వాల కింద తన చెయ్యి పెట్టాడు. మల్లయ్య తల వంచుకున్నాడు. నాకు మాత్రం చాలా సంతోషంగా అనిపించింది.

కేసు ఇంకా నడుస్తోంది, నా బయానా ఇంకా రాలేదు. కోర్టు చేసే పని కోర్టు చేస్తుంది, నెమ్మదిగానే అయినా చేస్తుంది. ఊళ్లో పోయిన పేరును మాత్రం ఎవరో ఒకరు వెళ్లి నోటితో చెప్పి తేవాలని ఈ రెండు ప్రయాణాల్లో తెలిసింది. మీకూ ఇలాంటి పని పడితే ఒక్కటి గుర్తుంచుకోండి. కమిషన్ నుంచి గానీ కోర్టు నుంచి గానీ రిజిస్టర్ కవరు వస్తే సంతకం చేసి తీసుకోండి, అదే రోజు నల్లగొండ బస్సెక్కండి.