గట్టమ్మ పిడికిలి, మల్లేశం ఎద్దులు

ముందు వినిపించేది గింజల చప్పుడు. వెదురు గొట్టాల్లోంచి గోధుమలు మట్టిలోకి జారుతుంటే ఎక్కడో దూరాన వాన మొదలైనట్టు ఉంటుంది. ఆ తర్వాతే విత్తనాలు వేసే గొర్రు కనిపిస్తుంది, దాని పక్కన వంగి నడుస్తున్న గట్టమ్మ కనిపిస్తుంది. ఒడి నిండా విత్తనం. కుడి పిడికిలి జడ్డిగం మీద ఉంటుంది. జడ్డిగమంటే గొర్రుకు పైన ఉండే చెక్క గిన్నె. ఆమె వేళ్ల సందుల్లోంచి అందులోకి ఎంత జారితే చేనికి అంత విత్తనం.

గొర్రు పట్టి ఎద్దులను తోలేది మరిది మల్లేశం. ఇద్దరూ ఒకరి ఊపిరి ఒకరికి వినపడేంత దగ్గరగా నడవాలి. చిట్యాల దగ్గర ఆ ఊళ్లో ఎద్దులూ గొర్రూ ఇంకా ఉన్నది అతనొక్కడికే. లేకపోతే ఆమె అతని మొహం చూసేది కాదు.

భర్త వీరస్వామి పోయాక ఆ నల్లరేగడి పంచుకోకుండానే మిగిలిపోయింది. ఒక వానకాలం మల్లేశం గట్ల మీద గడ్డిమందు కొట్టి, మాట మాత్రం చెప్పలేదు. గట్టమ్మ పెంచుకున్న బర్రె దుడ్డె ఆ గడ్డి మేసి, నురగ కక్కి, ఆమె ఒళ్లోనే చచ్చిపోయింది. ఆ రోజు నుంచి తనకు రావలసిన సగంలో మందు డబ్బా, ఎరువు బస్తా అడుగు పెట్టకూడదంది. దుడ్డెకు ఆయువు తీరిందన్నాడు మల్లేశం.

ఆదిలాబాద్ వైపు చుట్టాల దగ్గర గోధుమ విత్తనం తెచ్చుకుంది. మొదటి యాసంగి, అంటే చలికాలపు పంట, దెబ్బతిన్నది ఆమె చేతివల్లే. చిన్ననాటి నుంచి జొన్న విత్తిన చెయ్యి అది. జొన్నకు చోటు కావాలి, పలుచగా వదలాలి. గోధుమనూ అట్లాగే వదిలింది. ఇక్కడి చలి పొట్టిది. గోధుమ పిలకలు వేసేలోపే ఎండ వచ్చి కూర్చుంది. మందు కొట్టని చేలో ఖాళీ జాగా అంటే గడ్డికి పీట వేసినట్టే. కంకులు గడ్డిలో మునిగిపోయాయి.

"మా వదినె గడ్డి మంచిగ పండించింది. కోతకు బర్లను పిలువుండ్రి" అన్నాడు మల్లేశం, నలుగురిలో. బర్ల మాట ఎందుకు తెచ్చాడో ఆమెకు తెలుసు.

పెద్దమనిషి దయాకర్ దగ్గర పంచాయితీ తేలింది. వచ్చే యాసంగి కూడా గడ్డే గెలిస్తే భూమంతా మల్లేశం పత్తి కిందికి పోతుంది. పంట నిలిస్తే నడుమ గట్టు వేసి ఆమె సగం ఆమెకు ఇవ్వాలి.

అందుకే ఈసారి గట్టమ్మ పిడికిలి వదులు చేసింది. నిరుటి కంటే రెండింతలు ఒత్తుగా పోస్తానంది. అట్లా పోస్తే మొక్కలు ఒకదాన్నొకటి తినుకుంటాయనీ, కంకి ఎలుకతోకంత వస్తుందనీ మల్లేశం ఊరంతా చెప్పాడు. అది పూర్తిగా అబద్ధం కాదని ఆమెకూ తెలుసు. కానీ చిన్న కంకికైనా గింజ ఉంటుంది, గడ్డికి ఉండదు.

ఆ ఇంట్లో ఒక కట్టడి ఉంది. ఒడిలో విత్తనం ఉన్నంతసేపు విత్తే మనిషి నోరు విప్పకూడదు. మాట జారితే మొలక జారుతుందనేది అత్త. ఆ అత్త కన్న కొడుకే మల్లేశం, ఆమె అరిచి ఆపలేదని అతనికి తెలుసు. చేను నడిమికి రాగానే అతను ఎద్దుల తోకలు మెలిపెట్టాడు. ఎద్దులు పరుగందుకున్నాయి. గొట్టాల్లో గింజల వాన అంతే ఉంది. కింద మట్టి మాత్రం బారెడు బారెడు జరిగిపోతోంది.

"ఏమైంది వదినె, నోట్లె గింజలు వోసుకున్నవా?"

ఆమె కాళ్లు తడబడ్డాయి. ఆ వేగం అందుకునేలోపు కొన్ని చాళ్లు పలుచగా వెళ్లిపోయాయి. అప్పుడామె ఇంకో వేలు తెరిచింది. అతను అదిలించాడు, ఆమె మరో వేలు తెరిచింది. చాళ్లలో విత్తనం మళ్లీ చిక్కబడింది. ఎద్దుల నోట నురగ, ఆమె నోట మౌనం. ఒడి ఖాళీ అయ్యాక చీర కొంగు దులిపి నడుం ఎత్తింది.

"నడిమిట్ల ఉరికిచ్చినవ్ మల్లేశం. మొలిచినంక మాట్లాడుకుందాం."

కోతల ముందు మల్లేశం దయాకర్‌ను తిన్నగా ఆ నడిమి చాళ్లలోకే తీసుకెళ్లి నిలబెట్టాడు. అక్కడ గోధుమ కంటే గడ్డే ఎత్తు. మళ్లీ గడ్డే పండిందని చూపించాడు. దయాకర్ అటు నడిచాడు, ఇటు నడిచాడు. రెండు పక్కలా గోధుమ గోడ కట్టినట్టు నిలబడింది. కంకులు పొట్టివి, నిజమే. కానీ వాటి మొదట్లో గడ్డి వెలుతురు దొరక్క పాలిపోయి పడుంది.

"విత్తిన చెయ్యి ఒక్కటే గదనే, మరి నడుమ ఎందుకిట్లయింది?" అన్నాడు గట్టమ్మతో.

"చెయ్యి ఒక్కటే అన్నా. ఎద్దుల నడకనే మారింది" అంది గట్టమ్మ. "తోలినోన్ని అడుగు."

మల్లేశం తప్పు ఎద్దుల మీదికి నెట్టాడు. దయాకర్ నమ్మలేదు. గట్టు పడింది. మల్లేశం ఉమ్మేసి, ఇక నీ చేలో నీ మొగుడొచ్చి ఎద్దులు కడతాడులే అని వెళ్లిపోయాడు. వచ్చే యాసంగికి ఆమెకు పొలం ఉంది, ఎద్దులూ గొర్రూ లేవు.

ఆమె బతుకు రాసుకోవడానికి వచ్చిన మనిషి, మరిదితో మాటలు కలిశాయా అని అడిగినప్పుడు గట్టమ్మ కళ్లంలో గోధుమలు తూర్పారబడుతోంది. చాట ఆపలేదు. పొట్టు గాలికి పోతోంది, గింజ కాళ్ల దగ్గర రాలుతోంది.

"మాటలేంది. రాస్తే ఆ నడిమి సాళ్లు గూడ రాయుండ్రి. గవి నావి గావు."