పింక్నీ పేరు మీద ఆడిన ఆంటన్

ఆంటన్ వోసికా మా కాలేజీలో ఒక్క పాఠం కూడా వినలేదు. అయినా 1906లో మా ఫుట్‌బాల్ జట్టులో అందరికంటే ఎక్కువ పేరొచ్చింది అతనికే. ఆ పేరు మాత్రం అతనిది కాదు.

అయోవాలో మా ఊరి పక్క సున్నపురాయి క్వారీలో అతను రాళ్లు కొట్టేవాడు. వాళ్లది యూరప్‌లోని బొహీమియా నుంచి వచ్చిన కుటుంబం. గుమ్మానికి అడ్డంగా నిలబడితే గదిలోకి వెలుతురు వచ్చేది కాదు, అంత మనిషి. మా కోచ్ బర్డిక్ కన్ను అతని మీద పడింది. మెస్సులో రోజూ మాంసం పెట్టిస్తానని ఒప్పించి తీసుకొచ్చాడు. బయటివాళ్లు ఆడకూడదు కాబట్టి, జ్వరంతో ఇంటికి వెళ్లిపోయిన లీలండ్ పింక్నీ అనే విద్యార్థి పేరు అతనికి తగిలించాడు. ఆ రోజుల్లో చాలాచోట్ల జరిగేదే. మాకెవరికీ తప్పనిపించలేదు.

“పింక్నీ అని ఎవరైనా పిలిస్తే తిరిగి చూడు, చాలు,” అన్నాడు బర్డిక్.

“మరి ఆ అబ్బాయి తిరిగొస్తే?” అని అడిగాడు ఆంటన్.

“వచ్చినప్పుడు చూద్దాం లేవయ్యా.”

మా అమెరికా ఫుట్‌బాల్ అంటే బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే ఆట. ఆ ఏడాది దాని నియమాలన్నీ మార్చేశారు. కుర్రాళ్లు ఒకరి మీద ఒకరు పడి నలిగి చచ్చిపోతున్నారని గోల పుట్టడంతో, బంతిని ముందుకు విసరవచ్చన్నారు. విసిరింది ఎవరూ పట్టకపోతే ఏమవుతుందో మాకూ తెలియదు, రిఫరీకీ సరిగ్గా తెలియదు. మొదటి ఆటలో సగంసేపు వాదులాటతోనే సరిపోయింది. ఆంటన్‌కి ఇంగ్లీషు కూడా అంతంతమాత్రం.

“ఎటు పరుగెత్తాలో వేలుపెట్టి చూపించండ్రా,” అనేవాడు.

చూపిస్తే చాలు, బంతిని చంకలో ఇరికించుకుని, మీద పడిన ముగ్గుర్నీ మోసుకుంటూ పోయేవాడు. జనం “పింక్నీ! పింక్నీ!” అని ఊగిపోయేవాళ్లు. మొదట్లో ఆ పింక్నీ ఎవడా అని అతనే వెనక్కి తిరిగి వెతికేవాడు. మేం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్లం. ఆకులు రాలేనాటికి వ్యవహారం తిరగబడింది. సొంత తమ్ముడు వీధిలో “ఆంటన్” అని పిలిచినా పలకకుండా వెళ్లిపోయేవాడు.

నవంబరులో, ఆఖరి ఆట రెండు రోజులుందనగా, మేం సాధన చేస్తుంటే నల్లబట్టల్లో ఒకావిడ నేరుగా మైదానంలోకి నడిచొచ్చింది.

“లీలండ్ పింక్నీ ఎవరయ్యా ఇక్కడ?”

అలవాటుకొద్దీ ఆంటన్ చెయ్యెత్తాడు.

ఆవిడ అతన్ని కిందినుంచి పైదాకా చూసింది. “నేను లీలండ్ తల్లిని. మావాడు పోయి నెల దాటింది. మొన్న ఊళ్లు తిరిగి విత్తనాలమ్మే ఆయన చర్చి మెట్ల మీద నా చెయ్యి పట్టుకుని, ‘మీ లీలండ్ ఆ రోజు ఆటలో దున్నపోతులా దూసుకుపోయాడమ్మా’ అన్నాడు. వాడి గుంటలో మట్టి వేసింది నా చేత్తోనే. అయినా రైలెక్కాను.”

లీలండ్ పోయిన కబురు కాలేజీ ఆఫీసుకి ఎప్పుడో వచ్చిందట. మైదానం దాకా ఎవరూ మోసుకురాలేదు. బర్డిక్ టోపీ తీసి ముందుకొచ్చాడు.

“అమ్మగారూ, అదేమిటంటే...”

“మీరుండండి,” అందావిడ.

“నాకు తెలీదమ్మా,” అన్నాడు ఆంటన్. “బతికే ఉన్నాడనుకున్నాను. ఆ అబ్బాయిని నేనెప్పుడూ చూళ్లేదు.”

“వాడు నీ భుజం దాకా కూడా రాడు. చిన్నప్పట్నుంచీ ఆయాసం. బంతి ముట్టుకుంటే నేనే కేకలేసేదాన్ని.” “వాడి పేరు... జనం గట్టిగా అరుస్తారా?”

“అరుస్తారమ్మా.”

“అయితే శనివారం ఆడు,” అని చెప్పి వెళ్లిపోయింది.

అది అనుమతో, శిక్షో మాకెవరికీ అంతుపట్టలేదు. ఆంటన్ నన్ను పక్కకి లాగాడు. “ఒరే, ఆవిడ కోపంతో అందా, మనసారా అందా? మీ భాష నాకు పూర్తిగా రాదు, నువ్వు చెప్పు.”

“నాకూ అర్థం కాలేదురా,” అన్నాను. నిజంగానే కాలేదు.

శనివారం ఆవిడ ముందు వరుస బల్ల మీద కూర్చుంది. జనం అరిచినప్పుడల్లా ఆంటన్ చూపు అటే పోయేది. ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుని, కదలకుండా ఉంది. అతను ఒకసారి జారిపడ్డాడు, ఒకసారి దిక్కు తప్పి మా గీతవైపే పరుగెత్తుకొచ్చాడు. రెండో సగంలో మావాడొకడు బంతిని గాల్లోకి విసిరాడు. దాన్ని ఆంటన్ ఒడిసిపట్టి, ఇద్దర్ని తోసుకుని, చివరి గీత దాటేశాడు. పింక్నీ పేరుతో మైదానం దద్దరిల్లింది. అతను గిర్రున తిరిగి ఆ బల్ల వైపు చూశాడు.

బల్ల ఖాళీగా ఉంది.

అలాగే నిలబడిపోయాడు. రిఫరీ వచ్చి చేతుల్లోంచి బంతి లాక్కోవాల్సి వచ్చింది. ఆ తర్వాత అదనపు పాయింటు కోసం మావాడు బంతిని తన్నితే అది గురి తప్పి, ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయాం.

ఆంటన్ మొహం కడుక్కుని, జట్టు చొక్కా విప్పి ఇచ్చేసి, క్వారీ దారి పట్టాడు. బర్డిక్ ఎంత బతిమాలినా మళ్లీ ఆడలేదు. పెళ్లి చేసుకున్నాడు, పిల్లల్ని కన్నాడు, ముసలివాడయ్యేదాకా ఆ రాళ్లే కొట్టాడు. కిరాణాకొట్లో నేను ఎదురుపడినప్పుడల్లా అడిగేవాడు.

“ఆవిడ ఎప్పుడు లేచెళ్లిందిరా? నేను బంతి పట్టకముందా, పట్టాకా?”

నేను చూడలేదు. చూసినవాళ్లను అడిగాను. చాలాముందే వెళ్లిపోయిందని ఒకడన్నాడు. లేచి నిలబడి చప్పట్లు కొట్టి మరీ వెళ్లిందని ఇంకొకడు ఒట్టేశాడు. రెండూ అతనికి చెప్పాను.

“సరేలే,” అని బంగాళాదుంపల బస్తా భుజానికెత్తుకున్నాడు.