యాదయ్యగారి మగ్గులో మురికి

అందరూ మంచివాడని చెప్పుకునే ఒక పెద్దమనిషిని, నాలుగు గప్పీ చేపల మీద హత్యాయత్నం నేరం కింద, సాక్షితో సహా పట్టుకున్న ఘనత నాది. అదెలా జరిగిందో చెబుతాను. మధ్యలో నన్ను జాలిగా చూడకండి. ఆ పని మా ఆయన ఇప్పటికే చేస్తున్నారు.

మాది మల్కాజ్‌గిరిలో మొదటి అంతస్తు ఫ్లాటు. అనుమానం నాకు పుట్టుకతో వచ్చింది. కూరగాయల బండివాడు కొసరు వేస్తే తూకంలో కొట్టాడనుకుంటాను, వేయకపోతే ఇక సరేసరి. అలాంటి నేను హాల్లోకి అక్వేరియం కొందామని నేరేడ్‌మెట్‌లో ఒక కొట్టుకు వెళ్లాను. ట్యాంకూ ఫిల్టరూ అమ్మిన కొట్టాయన చేపలు మాత్రం ఇప్పుడే ఇవ్వనన్నాడు.

"మేడం, నీళ్లు పోసి మోటర్ షురూ జేసి నెల దినాలు అట్లనే ఉంచుండ్రి. దినాం చిటికెడు మేత ఎయ్యుండ్రి. గా తర్వాత చేపలు."

"చేపలు లేకుండా మేత ఎవరికండీ?"

"నీళ్లకు."

"నీళ్లు తింటాయా?"

"నీళ్లు తయారు గావాలె మేడం. జెర ఓపిక వట్టుండ్రి."

చేపలు అమ్మనంటున్న చేపల వ్యాపారిని మీరైనా నమ్ముతారా? లేని చేపలకు మేత అంటగట్టే కొత్త రకం మోసమని తేల్చుకున్నాను. దారిలో ఇంకో కొట్టతను ఒక్క ప్రశ్నా అడక్కుండా ఇచ్చిన ఆరు గప్పీలను సంచిలో పట్టుకుని ఇంటికొచ్చి, ఆ సాయంత్రమే ట్యాంకులో వదిలేశాను. ఏమీ అడగని ఆ మనిషి మీద మాత్రం నాకు అనుమానం రాలేదు. అదీ నా తెలివి.

మూడో రోజుకు రెండు చేపలు వెల్లకిలా తేలాయి. మొదటి ముద్దాయి మా ఆయన. ఆయన ఇంటి నుంచే పనిచేస్తారు.

"ట్యాంకు దగ్గర దోమల మందు కొట్టారా?"

"లేదే."

"కాఫీ గ్లాసు గానీ అందులో ముంచారా?"

"ఎందుకు ముంచుతాను?"

"నేనూ అదే అడుగుతున్నాను."

ఆయన లాప్‌టాప్‌లోకి తల దూర్చారు. సాక్ష్యం దొరక్క, తప్పు మురికిదై ఉంటుందనుకున్నాను. రోజూ ఆఫీసు నుంచి రాగానే ఫిల్టరులోని స్పాంజి తీసి, కుళాయి కింద పిండి పిండి, పెళ్లిచూపులకు తయారు చేస్తున్నట్టు కడిగేదాన్ని.

అప్పుడు ఒక వింత గమనించాను. పొద్దున నేను వెళ్లేటప్పుడు తేటగా ఉన్న నీళ్లు సాయంత్రానికి మసకబారుతున్నాయి. పైగా కింది ఫ్లాటులో ఉండే యాదయ్యగారు, రైల్వేలో పనిచేసి రిటైరైన ఆయన, మెట్ల మీద ఎప్పుడు కనబడినా ఒకటే మాట.

"చేపలు మంచిగున్నయా బిడ్డా?"

మా చేపల యోగక్షేమాలు ఆయనకెందుకు? వాళ్లింట్లోనూ ఒక ట్యాంకు ఉంది. ఏళ్లనాటిది, అద్దాలకు పాచి పట్టి ఉంటుంది. మా ట్యాంకేమో కొత్తగా మెరుస్తోంది. ఇంకేం కావాలి? అసూయ.

ఒకరోజు ఆఫీసుకని బయల్దేరి, పై అంతస్తులోని సరోజినిగారి గుమ్మంలో, మా తలుపు కనబడేలా మాటు వేశాను. ఆవిడ మా అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శి, సాక్ష్యానికి బలం ఉంటుంది. పదకొండింటికి యాదయ్యగారు తువ్వాలు కప్పిన మగ్గు పట్టుకుని మా తలుపు తట్టారు. మా ఆయన చుట్టాన్ని పిలిచినట్టు లోపలికి పిలిచారు. ముద్దాయిలు ఇద్దరన్నమాట.

"పోలీసులకు ఫోన్ చేద్దామా?" అని గుసగుసలాడారు సరోజినిగారు.

"ముందు రెడ్‌హ్యాండెడ్‌గా పట్టుకుందాం పదండి."

నా తాళంచెవితో తలుపు తీసి లోపలికెళ్లాం. యాదయ్యగారు మా ట్యాంకు మీద ఒక నల్లటి స్పాంజిని పిండుతున్నారు.

"బాబాయిగారూ, మా చేపల మీద ఏం పోస్తున్నారు?"

ఆయన ఉలిక్కిపడలేదు. ఇంకోసారి పిండారు.

"మురికి బిడ్డా."

నేరాన్ని ఇంత నిదానంగా ఒప్పుకునే మనిషిని నేనెక్కడా చూడలేదు. "ఉన్న నాలుగూ చచ్చేదాకా ఊరుకోరా? అవి మీకేం చేశాయండీ?" అన్నాను.

"సావొద్దనే పోస్తున్న. చేపలు ఇడిసింది నీళ్లల్ల విషమైతది. గా విషాన్ని తినే సన్న పురుగులుంటయి, కంటికి కానరావు. అవి స్పాంజిల ఇల్లు గట్టుకుంటయి. కొత్త ట్యాంకుల అవి పెరగనీకె నెల వడ్తది. నువ్వేమో దినాం నల్లా కింద కడుగుతున్నవని మీ ఆయన జెప్పిండు. నల్లా నీళ్లల్ల మందుంటది, అవి సస్తయి. అందుకే మా ట్యాంకులకెల్లి తెచ్చి పోస్తున్న."

కొట్టాయన నీళ్లు తయారు కావాలన్నదీ, మేత వేయమన్నదీ ఈ పురుగుల కోసమేనని అప్పుడు వెలిగింది.

"మరి నాకెందుకు చెప్పలేదు?" అని మా ఆయన వైపు తిరిగాను.

"చెబితే నమ్మేదానివా?"

నా తరఫున సరోజినిగారే తల అడ్డంగా ఊపారు.

"నువ్వు పొద్దుమీకి కడుగుతవు, నేను మల్ల తెచ్చి పోస్త," అన్నారు యాదయ్యగారు. "ఇరవై దినాలసంది గిదే పని. మా ట్యాంకుల మురికి సుత అయిపోవట్టింది."

ఫిర్యాదు చేసినట్టు కాదు, ఇంట్లో ఉప్పు నిండుకుందని చెప్పినట్టు అన్నారు. నాకు నేలలోకి కుంగిపోవాలనిపించింది.

"క్షమించండి బాబాయిగారూ. మిమ్మల్ని హంతకుడనుకున్నాను."

"దాన్కేముంది బిడ్డా. నువ్వు స్పాంజిని ముట్టకు, గంతే."

ముట్టలేదు. నెల తిరిగేసరికి నాలుగు చేపలూ పుంజుకున్నాయి. ఒక ఉదయం చూస్తే ట్యాంకులో ఆవగింజంత కళ్లేసుకుని బుల్లి చేపలు, పదకొండు. మళ్లీ లెక్కపెట్టాను, పదకొండే. గబగబా కిందికి దిగి యాదయ్యగారి తలుపు తట్టాను.

"బాబాయిగారూ, నిజం చెప్పండి. నిన్న మా ట్యాంకులో ఏమైనా వేశారా?"

ఆయన ఖాళీ చేతులు చూపించారు.

"గీసారి నేను గాదు బిడ్డా. అవే కన్నయి."

ఆయన గుమ్మంలోనే నిలబడి, ఆ పదకొండు పసికందుల మీద ఒట్టేసి ప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట ప్రాణం పోయినా ఎవరినీ అనుమానించను. మరీ తప్పనిసరైతే, ముందు కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ఆ తర్వాతే అనుమానిస్తాను.