తాత నెత్తిన చుట్టబట్ట

నా చిన్నప్పుడు మా ఊళ్ళో మగవాళ్ళ తల మీద రుమాలు, ఆడవాళ్ళ తల మీద చుట్టబట్ట ఉండేవి. రుమాలంటే తలపాగా. అది కట్టుకోవడానికి మా తాతకు పావుగంట పట్టేది. చుట్టబట్ట అంటే పాత గుడ్డను మెలితిప్పి, గుండ్రంగా చుట్టి, నీళ్ళ బిందె కింద నెత్తిన పెట్టుకునేది. దాన్ని చుట్టడానికి మా అమ్మకు ఒక్క క్షణం చాలు. ఈ రెండూ ఒకే గుడ్డ అని నాకు పదేళ్ళప్పుడు తెలిసింది. మా తాతకు డెబ్బై ఏళ్ళకు తెలిసింది. ఇద్దరికీ తెలిసింది ఒకే రోజున.

మాది మొయినాబాద్ దాటి ఎంకపల్లి వైపు వెళ్ళే దారిలో చిన్న ఊరు. ఇప్పుడు అటు వెళితే ఫాంహౌసుల గోడలు తప్ప ఏమీ కనిపించవు. అప్పుడు జొన్న చేలు, టమాట మడులు ఉండేవి. ఊరంతటికీ తాగే నీళ్ళ బావి ఒక్కటే, అదీ ఊరి బయట. పోయి రావడానికి ఇరవై నిమిషాలు. మా ఇంటికి రోజుకు ఎనిమిది బిందెలు కావాలి.

ఆ ఏడు అమ్మకు నడుము పట్టేసింది. చేవెళ్ల దవాఖానలో చూపిస్తే, ఇక బరువు ఎత్తవద్దని గట్టిగా చెప్పి పంపారు. ఇంట్లో తాత ఉన్నాడు, బాపు ఉన్నాడు, నాకంటే రెండేళ్ళు పెద్దవాడైన అన్న ఉన్నాడు. అయినా నీళ్ళు ఎవరు తేవాలన్న మాటే ఇంట్లో రాలేదు. అమ్మ తన చుట్టబట్ట తీసి నా చేతికిచ్చింది, అంతే. నాది చిన్న బిందె కాబట్టి అమ్మ ఎనిమిది నాకు పన్నెండయ్యాయి. తెల్లవారగానే మొదలుపెడితే సూర్యుడు నడినెత్తికి వచ్చేదాకా అదే పని. పక్క ఊళ్ళో ఉన్న బడికి కొన్నాళ్ళు ఆలస్యంగా వెళ్ళాను, తర్వాత వెళ్ళడమే మానేశాను. దసరా దాటాక మా సారు కబురు చేస్తే, పేరు కొట్టేయమని తాత చెప్పి పంపాడు.

తాత చెడ్డవాడు కాదు. సంతకు వెళితే నాకు గాజులు తేకుండా తిరిగొచ్చేవాడు కాదు, జ్వరమొస్తే రాత్రంతా నా మంచం పక్కనే కూర్చునేవాడు. అలా చెప్పి పంపినా, నా చదువు వద్దని ఆయన నాతో ఎన్నడూ అనలేదు. అది ఆలోచించాల్సిన సంగతని ఆయనకు తోచలేదు. తిట్టి మాన్పించినా నాకు ఇంత కోపం ఉండేది కాదేమో.

అలాంటి రోజుల్లో ఊరికి చేతిపంపు మంజూరైంది. మేము దాన్ని బోరింగ్ అనేవాళ్ళం. పంచాయతీ సమితి నుంచి ఒకాయన వచ్చి, నీళ్ళు పడే చోట్లు రెండు వెతికి, సున్నంతో గుర్తులు పెట్టి వెళ్ళాడు. ఒకటి ఊరి మెట్ట మీద చావడి ముందు, ఇంకొకటి మేముండే దిగువ వాడ చివర. బోరింగ్ ఒక్కటే, ఎక్కడ వేయాలో ఊరే తేల్చుకోవాలి. చావడిలో పెద్దమనిషి మా తాత. చావడి ముందే వేద్దామన్నాడు. వచ్చేపోయే వాళ్ళకు కనిపిస్తుంది, ఊరికి ఇజ్జత్ అన్నాడు. మిగిలిన మగవాళ్ళంతా తలలూపారు. ఇళ్ళు చూస్తే ముప్పాతిక వంతు దిగువ వాడలోనే ఉన్నాయి. మెట్ట మీది నుంచి బిందె దింపాలంటే బండల దారి. బావితో పోలిస్తే నడక కాస్త తగ్గినా పాట్లు తగ్గవు. వాడ చివర వేస్తే బడికి వెళ్ళే ముందే పన్నెండు బిందెలూ తెచ్చేయగలను. నా చదువు ఏమవుతుందో ఆ రెండు సున్నం గుర్తుల్లో ఉంది, అది నాకొక్కదానికే తెలుసు.

ఆ రోజుల్లో చేవెళ్ల నుంచి ముగ్గురు ఆడవాళ్ళు వారానికోసారి బస్సు దిగి మా ఊరికి నడిచి వచ్చేవాళ్ళు. ఒకామె బట్టలు కుట్టేది, ఒకామె కూరగాయలు అమ్మేది, మూడో ఆమె ఒక పంతులుగారి భార్య. ఆడవాళ్ళ కష్టసుఖాలు మాట్లాడుకోవడానికి తమంతట తామే ఒక మండలి పెట్టుకున్నారు. వాళ్ళకు జీతం లేదు, వెనక పార్టీ లేదు. పనిలేని మంగలి పిల్లి తల గొరిగినట్టు ఉందని మా ఊరి మగవాళ్ళు నవ్వుకునేవారు. బట్టలు కుట్టే ఆమెను మేము మిషనక్క అనేవాళ్ళం. ఆ ముగ్గురూ మొదటి నెలంతా ఎవరికీ ఒక్క నీతి చెప్పలేదు. మాతోపాటు బావికి వచ్చారు, బిందెలు మోశారు, మా ముచ్చట్లు విన్నారు. ఒకరోజు మిషనక్క నన్ను బడి సంగతి అడిగింది. సున్నం గుర్తులతో సహా అంతా చెప్పాను. అయ్యో అనలేదు, ఊరుకోమ్మా అనలేదు. నా బిందె తన నెత్తికి ఎత్తుకుని నడిచింది.

బోరింగ్ సంగతి తేల్చడానికి చావడిలో కూర్చునే రోజు వచ్చింది. మీరు కూడా వచ్చి మాట చెప్పండని మిషనక్క వాడంతా తిరిగింది. ఒక్కరూ ఒప్పుకోలేదు. మా ఊళ్ళో కోడళ్ళు చావడి ముందు నుంచి పోవాలంటే చెప్పులు చేతిలో పట్టుకుని, కొంగు కప్పుకుని పోయేవారు. అక్కడ నోరు విప్పడమంటే మాటలా?

"మేమొచ్చి మాట్లాడితె మా ఇండ్లల్ల బతుకనిస్తరా అక్కా?" అంది మా పక్కింటి వదిన.

"మీరు రాకుండ్రి. మీ చుట్టబట్టలు పంపుండ్రి, చాలు," అంది మిషనక్క.

ఆడవాళ్ళు నవ్వారు గాని, ఇచ్చారు. చుట్టబట్ట ఇస్తే ఎవరు తప్పు పడతారు? వాటిని పోగు చేసే పని నాది. ఇంటింటికీ తిరిగి గంప నింపుకుని మెట్ట ఎక్కాను.

నేను వెళ్ళేసరికి తాత మాట ముగిస్తున్నాడు. మిషనక్క దండం పెట్టి ముందుకు వచ్చింది. "పెద్దయ్యా, ఆడోళ్ళు రాలేదు. నెత్తిన పెట్టుకునేటియి పంపిన్రు. జర చూడుండ్రి," అంది. నేను చావడి అరుగు మీద చుట్టబట్టలు వరుసగా పరిచాను. మొదట అందరూ నవ్వారు. తర్వాత ఒకాయన వంగి చూసి, ఇది నా పెళ్ళి పంచె కదా అన్నాడు. ఇంకొకాయన తన కొడుకు చొక్కాను గుర్తుపట్టాడు. ఒక ముసలాయన చనిపోయిన తమ్ముడి ధోతిని చేతిలోకి తీసుకుని అంచు తడిమి చూశాడు. నవ్వులు ఆగిపోయాయి.

తాత చూపు మా ఇంటి చుట్టబట్ట మీద ఆగింది. దాన్ని విప్పాడు. ఎర్రంచు రుమాలు అది. అంతకు ముందు ఏడాది ఎవడో దొంగ ఎత్తుకుపోయాడని ఊరంతా చాటి, నాలుగు రోజులు అన్నం సరిగా తినని రుమాలు. చిరిగి మూలన పడి ఉంటే అమ్మ తీసుకుంది. ఏ దొంగా ఎత్తుకుపోలేదు. ఏడాది పాటు ఆయన కళ్ళ ముందు నుంచే, బిందె కింద, రోజుకు ఎనిమిదిసార్లు, నా వంతు వచ్చాక పన్నెండుసార్లు బావికి వెళ్ళి వచ్చింది.

"గోలెంల నీళ్ళున్నయి," అంది మిషనక్క, పశువుల కోసం చావడి పక్కన కట్టిన తొట్టి చూపిస్తూ. "ఎవరింటి చుట్టబట్ట ఆళ్ళు నెత్తిన పెట్టుకోండ్రి. ఒక్క బిందె ఇంటిదాంక తీస్కపోండ్రి. మల్లొచ్చి బోరింగ్ యాడ వెయ్యాల్నో చెప్పుండ్రి. మీ మాటనే ఖాయం."

మగవాడు నెత్తిన బిందె పెట్టుకుంటాడా, కావాలంటే కావడి కట్టుకుంటామని ఎవరో గొణిగారు. మా తాత పంతానికి పుట్టినవాడు. ఒక్క బిందెనేనా అన్నాడు. అని, పదిమందిలో ఎన్నడూ తీయని రుమాలు తీసి నా చేతికిచ్చాడు. ఆయన బట్టతల నేను అదే మొదటిసారి పగటి వెలుతురులో చూడటం. ఎర్రంచు గుడ్డను మళ్ళీ చుట్టబట్టగా చుట్టి నెత్తిన పెట్టుకుని, గోలెంలో ముంచిన బిందె ఎత్తించుకున్నాడు.

ఆ నడక ఇప్పటికీ నా కళ్ళకు కట్టినట్టు ఉంది. పది అడుగులు బాగానే వేశాడు. బండల దారి మొదలయ్యేసరికి మెడ బిగుసుకుంది, నీళ్ళు తొణికి కళ్ళలో పడ్డాయి. తుడుచుకుందామంటే రెండు చేతులూ బిందె మీదే ఉన్నాయి. వెనక రుమాలు పట్టుకుని నేను, నా వెనక సగం చావడి. వాడలో ఆడవాళ్ళు గడపల్లోకి వచ్చారు. ఒక్కరూ నవ్వలేదు. మూలింటి ముసలవ్వ మాత్రం, "మెడ నిలవెట్టు అన్నా. నడుం తిప్పకు, కాళ్ళు చూస్కో," అని మోయడం నేర్పింది. తాత ఆమె చెప్పినట్టే చేశాడు. ఒక ఆడమనిషి చెప్పిన మాటను ఆయన ఎదురాడకుండా వినడం కూడా నేను అదే మొదటిసారి చూడటం.

ఇంట్లో అమ్మ హడలిపోయి, నడుము సంగతి మరిచి బిందె అందుకోబోయింది. "ముట్టకు బిడ్డా," అని తానే దించాడు. అందులో సగం నీళ్ళే ఉన్నాయి. ఆయాసం తీరాక రోజుకు ఎన్ని అని నన్ను అడిగాడు. పన్నెండని చెప్పాను. ఆయన నా తల మీద చెయ్యి పెట్టాడు. నడినెత్తిన, బిందె ఆనే చోట, నా జుట్టు అప్పటికే అరిగి పలచబడింది. ఆయన వేళ్ళు అక్కడ ఆగిపోయాయి. చాలాసేపు ఆ చెయ్యి తీయలేదు. నాకు ఏడుపొచ్చింది. అన్ని రోజులు బిందెలు మోసినప్పుడు రాని ఏడుపు.

రుమాలు ఇవ్వబోతే చేతిలోకి తీసుకుని తూచినట్టు చూశాడు. "దీనికేం బరువున్నదని ఇన్నేండ్లు మురిసిన," అన్నాడు. దాన్ని కట్టుకోకుండా భుజాన వేసుకుని, బోడితలతోనే చావడికి వెళ్ళాడు.

అక్కడ ఆయన వాడ చివరే వేద్దామని చెబుతాడనుకున్నాను. అలా చెప్పలేదు. "నాకు తెల్వదు. మోసేటోళ్ళను పిలువుండ్రి, ఆళ్ళు చెప్తరు," అన్నాడు. పిలుపు వెళితే ఏడెనిమిది మంది వచ్చారు, చెప్పులు చేతిలోనే పట్టుకుని. మూలింటి ముసలవ్వ ముందుకొచ్చి, కింద గుర్తు కాడనే వెయ్యుండ్రి అని ఒక్క ముక్కలో తేల్చింది. పోతూ పోతూ వెనక్కి తిరిగి, "బోరింగ్ కొట్టెతందుకు మొగోళ్ళు గూడ రావాలె మల్ల," అంది. అప్పుడు అందరూ నవ్వారు, మా తాత అందరికంటే గట్టిగా.

బోరింగ్ పడటానికి ఇంకా చాలా నెలలు పట్టింది. సర్కారు పనులు తెలిసినవే కదా. నా బడి మాత్రం అంతకాలం ఆగలేదు. ఆ మర్నాడు తెల్లవారుజామునే తాత మా అన్నను లేపి, చేతిలో చుట్టబట్ట పెట్టాడు. నీకు ఆరు, చెల్లెకు ఆరు అన్నాడు. అన్న కాళ్ళు తన్నుకుని ఏడ్చాడు. దోస్తులు ఎక్కిరిస్తారన్నాడు. నన్ను ఎక్కిరించుమను అన్నాడు తాత. ఆరు బిందెలు తెచ్చి, మొహం కడుక్కుని, మొదటి గంట కొట్టేలోపు బడిలో ఉన్నాను. సారు నా పేరు మళ్ళీ రాసుకున్నాడు. దారి దగ్గర కావడం వల్ల కాదు, బరువు సగమవడం వల్ల నేను చదువుకున్నాను. ఈ తేడా అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

తర్వాత నేను పంతులమ్మనయ్యాను, రిటైరయ్యాను. ఇప్పుడు చేవెళ్లలో ఆడపిల్లలు కొందరు నడిపే మహిళా బృందంతో తిరుగుతున్నాను. చురుకైన పిల్లలు, భయం లేని పిల్లలు. మొన్న మొయినాబాద్ దగ్గర పూల తోటల్లో కూలికి పోయే ఆడవాళ్ళ కోసం ఆఫీసర్లకు ఇవ్వాల్సిన అర్జీ తయారు చేశారు. ఫోన్లో రాసుకున్నది నాకు చదివి వినిపించారు. ఒక్క తప్పు లేదు. బాగుందమ్మా, వాళ్ళను అడిగారా అన్నాను. అడగలేదన్నారు. మర్నాడే తోటలకు వెళ్ళారు. మేము రాసిన వాటిలో వాళ్ళు మొదట అడిగింది లేనే లేదమ్మా, చాటుకు పోవడానికి నాలుగు గోడలు అడిగారు అని వచ్చి చెప్పారు. అర్జీ మళ్ళీ రాశారు, ఈసారి వాళ్ళ మాటల్లోనే. అది గెలుస్తుందని నాకు నమ్మకం. ఎందుకంటే మిషనక్క చేసింది సరిగ్గా ఇదే. మా బదులు ఆమె మాట్లాడలేదు, మాకు లేని ధైర్యం తెచ్చుకోమని బలవంతపెట్టలేదు. పంపగలిగింది పంపమంది. మోయని వాళ్ళ నెత్తిన ఒక్కసారి బరువు పెట్టింది. మిగతాది ఆ బరువే చూసుకుంది.

ఆ రోజు మా బృందంలో చిన్నపిల్ల నా సంచిలోకి తొంగిచూసి, ఇదేంది మేడం, ఇంత పాత గుడ్డ అని అడిగింది. బయటికి తీసి చూపించాను. చాలా చోట్ల పోగులు తేలాయి గాని, ఎర్రంచు ఇంకా తెలుస్తుంది. విప్పితే అది మా తాత రుమాలు, చుడితే మా అమ్మ చుట్టబట్ట. తాత పోయే ముందు దాన్ని నాకే ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు చుట్టి ఇచ్చాడు. నేను ఇంతవరకు విప్పలేదు.